నొప్పిని నమ్మడానికి పట్టిన నూరేళ్ళు: ఎండోమెట్రియోసిస్‌లో రోగనిరోధక కణాల చరిత్ర

నెలసరి రోజుల్లో పొత్తికడుపు నొప్పితో బాధపడే ఆడపిల్లకు మన ఇళ్ళలో తరతరాలుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. అందరికీ వచ్చేదేనంటారు. ఓర్చుకోవాలంటారు. పెళ్ళయితే తగ్గుతుందంటారు. పెళ్ళయ్యాక, ఒక కాన్పు అయితే సర్దుకుంటుందంటారు. ఈ మాటలు అనేవారు చెడ్డవారు కారు. తామూ అలాగే ఓర్చుకున్న తల్లులు, అమ్మమ్మలు, మేనత్తలు. అయితే ఈ ఓదార్పు మాటల చాటున ఒక వ్యాధి ఏళ్ళ తరబడి పేరు లేకుండా పెరుగుతూ ఉండవచ్చు. ఆ వ్యాధి ఎండోమెట్రియోసిస్.

నేను నివసించే నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు నగరానికి పడమట రాతిగుట్టల నడుమ ఉన్న చిన్న గ్రామం. ఇప్పుడు ఇక్కడ ఎటు చూసినా గాజు గోడల కార్యాలయాలే. వాటిలో వేలాది యువతులు రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు కూర్చుని పని చేస్తున్నారు. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మందికి, ఈ వ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన ఒక కార్యాలయంలో వందమంది స్త్రీలు ఉంటే వారిలో పదిమంది వరకు దీనితో బాధపడుతూ ఉండవచ్చు. లక్షణాలు మొదలైన నాటి నుంచి వ్యాధి పేరు తెలియడానికి సగటున 4 నుంచి 12 ఏళ్ళు పడుతుందని కూడా ఆ సంస్థే చెబుతోంది.

ఇంత ఆలస్యం ఎందుకు? కంటికి కనిపించే మచ్చల పరిమాణానికీ, రోగి చెప్పే నొప్పికీ పొంతన కుదరకపోవడం ఒక ముఖ్య కారణం. ఆ పొంతన ఎందుకు కుదరదో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. మన రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని కణాల ప్రవర్తనలోనే ఆ రహస్యం చాలావరకు దాగి ఉంది. ఆ చరిత్రలో మన హైదరాబాదు నగరానికి కూడా ఒక పుట ఉంది. దానిని మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధికి పేరు వచ్చిన తీరు

గర్భాశయం లోపలి గోడకు ఒక మెత్తని పొర ఉంటుంది. ప్రతి నెలా అది హార్మోన్ల ప్రభావంతో మందమవుతుంది. గర్భం రాకపోతే ఊడి, రక్తంతో కలిసి బయటకు వస్తుంది. అదే నెలసరి. ఈ పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అంటే అండాశయాల మీద, అండవాహికల మీద, కటి కుహరాన్ని కప్పే పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. అక్కడ కూడా అది హార్మోన్లకు స్పందిస్తుంది, రక్తస్రావం అవుతుంది. కానీ ఆ రక్తానికి బయటకు దారి లేదు. అందువల్ల చుట్టూ వాపు పుడుతుంది, మచ్చలు కడతాయి, క్రమంగా అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఈ వ్యాధి చరిత్రను సాధారణంగా 1860 నుంచి, వియన్నా నగరంలో కార్ల్ రోకిటాన్‌స్కీ అనే శవపరీక్షా నిపుణుడు చేసిన వర్ణన నుంచి మొదలుపెడతారు. అయితే దీనికి నేటి పేరునూ, నేటి రూపాన్నీ ఇచ్చినవాడు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణానికి చెందిన స్త్రీవైద్య శస్త్రచికిత్స నిపుణుడు జాన్ శాంప్సన్. ముదురు గోధుమ రంగు పాత రక్తంతో నిండిన అండాశయపు తిత్తులను ఆయన 1921లో వివరంగా వర్ణించాడు. వాటినే నేటికీ స్కానింగ్ నివేదికల్లో చాక్లెట్ సిస్టులు అంటున్నారు. నెలసరి సమయంలో చేసిన శస్త్రచికిత్సల్లో అండవాహికల కొసల నుంచి కటి కుహరంలోకి రక్తం జారడాన్ని ఆయన గమనించాడు. ఆ రక్తంతోపాటు గర్భాశయపు పొర ముక్కలు కూడా వెనుకకు ప్రవహించి, ఎక్కడ పడితే అక్కడ నాటుకుంటాయని 1927లో ప్రతిపాదించాడు.

ఈ సిద్ధాంతం సరళమైనది, చూసిన దానికి సరిపోయేది. అందుకే నేటికీ అదే ప్రధాన సిద్ధాంతంగా నిలిచింది. కానీ దానిలో ఒక చిక్కు ఉంది. అది పూర్తిగా బయటపడేసరికి మరో 57 ఏళ్ళు గడిచాయి.

అందరికీ జారుతుంది, కొందరికే నాటుకుంటుంది

1984లో అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన జౌకో హాల్మే బృందం ఒక పరిశీలన ప్రచురించింది. నెలసరి రోజుల్లో కడుపులోకి సన్నని దుర్భిణి పంపి చూసినప్పుడు, అండవాహికలు తెరచుకుని ఉన్న స్త్రీలలో 90 శాతం మంది కటి ద్రవంలో రక్తం కనిపించింది. అంటే వెనుకకు జారడం అనేది రోగం కాదు. అది దాదాపు ప్రతి స్త్రీలోనూ నెలనెలా జరిగే విషయమే. మరి వ్యాధి పదిమందిలో ఒకరికే ఎందుకు వస్తోంది? గాలికి గింజలు అన్ని పొలాల్లోనూ పడుతున్నాయి, మొలకలు మాత్రం కొన్నిటిలోనే వస్తున్నాయి. అయితే తేడా గింజలో ఉందా, నేలలో ఉందా, పొలం కాపలాదారులో ఉందా?

కాపలాదారు అన్న ఆలోచన వైద్యులకు కొత్తది కాదు. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఇల్యా మెచ్నికాఫ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల్లో ముళ్ళు గుచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. ముల్లు చుట్టూ కదిలే కణాలు గుమిగూడి దానిని మింగడానికి ప్రయత్నించాయి. ఆ జాతి కణాలలో పెద్దవాటికి మాక్రోఫేజ్‌లు అని పేరు. మహాభక్షకులు అని మనం అనుకోవచ్చు. చెత్తను, చచ్చిన కణాలను, సూక్ష్మజీవులను మింగి శుభ్రం చేయడం వాటి పని. ఈ పరిశోధనకు మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ ఏడాది ఆయనతో కలిసి బహుమతి పంచుకున్న జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, అంతకు 30 ఏళ్ళ ముందే మరో రకం కణాలను వర్ణించి ఉన్నాడు. అవే మాస్ట్ కణాలు. నేడు ఎలర్జీ అనగానే వైద్యులకు గుర్తుకువచ్చే కణాలు ఇవే. ఈ ఇద్దరు కనిపెట్టిన కణాలు రెండూ ఎండోమెట్రియోసిస్ కథలోకి వస్తాయి.

మొదట అడిగిన ప్రశ్న సంతానం గురించి

1980 ప్రాంతంలో వైద్యులు ఈ వ్యాధి ఉన్న స్త్రీల కటి ద్రవాన్ని సేకరించి అందులోని కణాలను లెక్కించడం మొదలుపెట్టారు. 1981లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హేనీ బృందం, ఆ ద్రవంలో మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉన్నాయని తెలిపింది. 1983లో హాల్మే బృందం, అవి సంఖ్యలో ఎక్కువ కావడమే కాక మామూలు కన్నా ఉద్రేకించి ఉన్నాయని చూపింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ పరిశోధనలన్నీ సంతానలేమితో వచ్చిన స్త్రీల మీద జరిగాయి. శాస్త్రవేత్తలు మొదట అడిగిన ప్రశ్న, ఈ కణాలు వీర్యకణాలను మింగివేస్తున్నాయా అని. నొప్పికి ఇవి కారణమా అన్న ప్రశ్న చాలాకాలం తరువాత గానీ రాలేదు. పిల్లలు పుట్టకపోతే పరీక్షలు చేయించే సమాజం, నొప్పి వస్తే ఓర్చుకోమనే సమాజం మనది ఒక్కటే కాదన్నమాట. ప్రయోగశాలల్లోనూ అదే వరుస నడిచింది.

అదే కాలంలో మరో దారిలో కూడా అన్వేషణ సాగింది. 1981లో షికాగోకు చెందిన డ్మావ్‌స్కీ బృందం, సహజంగా ఈ వ్యాధి వచ్చిన రీసస్ కోతుల్లో, తమ సొంత గర్భాశయపు పొర పట్ల రోగనిరోధక స్పందన తక్కువగా ఉందని గుర్తించింది. 1991లో బెల్జియంలోని లూవెన్ నగరంలో ఓస్టర్‌లింక్ బృందం స్త్రీలలో సహజ హంతక కణాలను పరీక్షించింది. దారి తప్పిన కణాలను, వైరస్ సోకిన కణాలను చంపడం ఈ కణాల విధి. ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీలలో అవి తమ శరీరానికే చెందిన గర్భాశయపు పొర కణాలను చంపడంలో మందకొడిగా ఉన్నాయని తేలింది.

ఈ రెండు దారుల ఫలితాలను కలిపి చూస్తే ఒక విచిత్రమైన చిత్రం ఏర్పడుతుంది. చంపవలసిన కణాలు సరిగా చంపడం లేదు. శుభ్రం చేయవలసిన కణాలు గుంపులు గుంపులుగా వచ్చి చేరుతున్నాయి కానీ శుభ్రం చేయడం లేదు. మరి అక్కడ చేరి ఏం చేస్తున్నాయి? 1996లో కేంబ్రిడ్జికి చెందిన మెక్‌లారెన్ బృందం ఒక జవాబు ఇచ్చింది. కటి ద్రవంలోని మాక్రోఫేజ్‌లు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తున్నాయి. కొత్త రక్తనాళాలు మొలిచేలా చేసే ప్రొటీన్ అది. అంటే కాపలాదారే దొంగ మొక్కకు నీరు పోస్తున్నాడు. కంచే చేను మేసింది అనే మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఇదే కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు సంకేతాలను కూడా విడుదల చేస్తాయి.

హైదరాబాదు పుట

రాయదుర్గంలో మెట్రో రైలు ఎక్కి నాగోలు వైపు వెళితే, నగరానికి తూర్పున హబ్సిగూడ వస్తుంది. అక్కడే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ, అంటే సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ ఉంది. మానవ జన్యుపటం 2003లో పూర్తయ్యాక, ఫలానా వ్యాధికి ఫలానా జన్యువులో తేడా ఉందా అని వెతకడం ప్రపంచమంతటా ఊపందుకుంది. ఎండోమెట్రియోసిస్ విషయంలో దక్షిణ భారత స్త్రీలలో ఆ అన్వేషణ మన నగరంలోనే జరిగింది.

అంటార్కిటికా సూక్ష్మజీవుల మీద పరిశోధనలతో పేరు పొందిన సీసీఎంబీ శాస్త్రవేత్త ఎస్. శివాజీ, ఆ బృందంలో పనిచేసిన మంజుల భానూరి, సికింద్రాబాదులోని ఇన్‌ఫెర్టిలిటీ ఇన్‌స్టిట్యూట్ అండ్ రిసెర్చ్ సెంటర్ వైద్యురాలు మమత దీన్‌దయాళ్, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన స్టీఫెన్ కెనెడీ తదితరులు కలిసి 2005లో వరుసగా కొన్ని పత్రాలు ప్రచురించారు. వాటిలో రెండు మన విషయానికి దగ్గరివి.

మొదటిది వీఈజీఎఫ్ జన్యువు గురించి. ఈ జన్యువులో 405 అనే స్థానంలో ఒక అక్షరం మనిషికీ మనిషికీ మారుతూ ఉంటుంది. ఆ మార్పుకూ దక్షిణ భారత స్త్రీలలో ఎండోమెట్రియోసిస్ ముప్పుకూ సంబంధం ఉన్నట్లు ఈ బృందం కనుగొన్నది. మాక్రోఫేజ్‌లు విడుదల చేసే రక్తనాళ ప్రొటీన్ జన్యువు ఇదే కనుక, కేంబ్రిడ్జి పరిశీలనకు ఇది పక్కనుంచి వచ్చిన సాక్ష్యం వంటిది.

రెండవది ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువు గురించి. వాపు సంకేతం ఎక్కువగా ఉందంటే, పుట్టుకతోనే ఆ జన్యువులో తేడా ఉండవచ్చునని ఎవరైనా ఊహిస్తారు. ఆ జన్యువులో అప్పటికే బాగా తెలిసిన ఒక తేడాను ఈ బృందం పరీక్షించింది. సంబంధం లేదని తేలింది. లేదన్న ఆ జవాబునే దాచకుండా ప్రచురించారు. సామాన్య పాఠకుడికి ఇది విఫల పరిశోధనగా కనిపించవచ్చు. కానీ శాస్త్రంలో మూసిన తలుపు కూడా దారి చూపుతుంది. ఒక్క జన్యువులోని ఒక్క అక్షరాన్ని నిందించి చేతులు దులుపుకోలేమని ఆ పత్రం చెప్పింది. ఆ తరువాత మంజుల భానూరి ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్ర విభాగంలో ఈ పరిశోధనను కొనసాగించారు. కణాలను ఒకదానికొకటి అతికించే ఈ-క్యాడరిన్ అనే ప్రొటీన్ జన్యువు మీద 2012లో వెలువడిన పత్రం వాటిలో ఒకటి.

వీఈజీఎఫ్ పత్రం రచయితలలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టీనా జాండర్‌వన్ కూడా ఒకరు. 2023లో ఆమె, నీలుఫర్ రహ్మియోగ్లు తదితరులు కలిసి ఈ వ్యాధికి సంబంధించి అప్పటికి అతి పెద్ద జన్యు విశ్లేషణ ప్రచురించారు. వ్యాధి ఉన్న 60,674 మందిని, లేని 7,01,926 మందిని పోల్చి, జన్యుపటంలో 42 స్థానాలను గుర్తించారు. ఆ స్థానాలలో కొన్నింటికి నొప్పి జ్ఞానంతో సంబంధం ఉంది. మైగ్రేన్, వెన్నునొప్పి వంటి ఇతర దీర్ఘకాల నొప్పులతోనూ ఈ వ్యాధికి జన్యుపరమైన బంధుత్వం కనిపించింది. ఇది గొప్ప విజయమే. అయితే ఆ విశ్లేషణ యూరోపియన్, తూర్పు ఆసియా సంతతి స్త్రీల మీద జరిగింది. 2005లో హబ్సిగూడలో మొదలైన ప్రశ్నకు మన స్త్రీల విషయంలో అంత విస్తృతమైన జవాబు రావలసే ఉంది. మన స్త్రీలు పరిశోధనల్లో పాల్గొనడం, మన సంస్థలు వారిని చేర్చుకోవడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

నొప్పి ఎక్కడ పుడుతోంది

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చిన్న చిన్న మచ్చలు మాత్రమే ఉన్న స్త్రీ నొప్పితో మెలికలు తిరుగుతుంది. పెద్ద చాక్లెట్ సిస్టు ఉన్న స్త్రీకి ఒక్కొక్కసారి నొప్పే ఉండదు, పిల్లల కోసం పరీక్షకు వచ్చినప్పుడు బయటపడుతుంది. నా వైద్యవృత్తిలో ఈ రెండు రకాల వారినీ చూశాను. 2007లో ఇటలీలోని మిలాన్ వైద్యుడు వెర్చెల్లీనీ బృందం వెయ్యికి పైగా రోగులను పరిశీలించి, వ్యాధి దశకూ నొప్పి తీవ్రతకూ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం లేదని తెలిపింది. మొదటి దశ అంటే తక్కువ నొప్పి, నాలుగో దశ అంటే ఎక్కువ నొప్పి అనే లెక్క తప్పని తేలిపోయింది.

అప్పటికి మూడేళ్ళ ముందు, 2004లో, ఫ్లోరిడాకు చెందిన కారెన్ బర్క్‌లీ బృందం ఎలుకల్లో ఒక కీలకమైన విషయం కనిపెట్టింది. గర్భాశయపు పొర ముక్కను కడుపులో వేరేచోట నాటితే, అక్కడ కొత్త రక్తనాళాలతోపాటు కొత్త నరాలు కూడా మొలుస్తున్నాయి. అంటే ఆ మచ్చ ఊరికే పడి ఉండే కణాల ముద్ద కాదు. నరాల ద్వారా అది వెన్నుపాముతో, మెదడుతో నేరుగా మాట్లాడుతోంది. 2006లో బ్రస్సెల్స్‌కు చెందిన అనాఫ్ బృందం, లోతుగా చొచ్చుకుపోయిన మచ్చల్లో నరాల పక్కనే మాస్ట్ కణాలు గుమిగూడి, తమ రసాయనాలను వెదజల్లుతూ ఉండడాన్ని చూసింది. ఆ రసాయనాలు నరాలను రెచ్చగొట్టగలవు.

మాక్రోఫేజ్‌ల సంగతి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో తేలింది. 2015లో ఎరిన్ గ్రీవ్స్ బృందం చూపినది ఇది. ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంలో నరకణాలు మాక్రోఫేజ్‌లను పిలిచే సంకేతాలను పంపుతాయి. వచ్చిన మాక్రోఫేజ్‌లు నరాలు పెరిగేందుకు తోడ్పడే పదార్థాలను విడుదల చేస్తాయి. పెరిగిన నరాలు మరిన్ని మాక్రోఫేజ్‌లను పిలుస్తాయి. ఇది ఆగని చక్రం. 2019లో ఆ పదార్థాలలో ఒకటి ఐజీఎఫ్-1 అని గుర్తించారు. స్త్రీల కటి ద్రవంలో దాని పరిమాణానికీ వారు చెప్పిన నొప్పి తీవ్రతకూ పొంతన కుదిరింది. మచ్చల కొలతతో కుదరని పొంతన కణాల సంకేతంతో కుదిరిందన్నమాట.

ఈ సంకేతాలు నెలల తరబడి, ఏళ్ళ తరబడి అందుతూ ఉంటే వెన్నుపాము, మెదడు కూడా మారతాయి. చిన్న తాకిడినే పెద్ద నొప్పిగా గ్రహించడం అలవాటవుతుంది. అప్పుడు నొప్పి నెలసరి రోజులకే పరిమితం కాదు. మూత్రం పోసేటప్పుడు, మలవిసర్జనలో, దాంపత్యంలో, చివరకు ఊరికే కూర్చున్నా నొప్పి వస్తుంది. శస్త్రచికిత్సలో మచ్చలన్నీ తీసివేసినా కొందరికి నొప్పి మిగిలిపోవడానికి ఇదొక కారణం. ఆమె నటించడం లేదు. ఆమె నరాలు నేర్చుకున్న పాఠాన్ని మరవలేకపోతున్నాయి.

ఒకే కణానికి రెండు ముఖాలు

అయితే మాక్రోఫేజ్‌లను పూర్తిగా తీసివేస్తే సరిపోతుందా? 2009లో మిలాన్‌లో జరిగిన ప్రయోగంలో ఎలుకల్లో మాక్రోఫేజ్‌లను తగ్గించినప్పుడు మచ్చలు సరిగా ఎదగలేదు, వాటికి రక్తనాళాలు ఏర్పడలేదు. కానీ 2021లో గ్రీవ్స్, ఆమె సహచరులు ప్రచురించిన ప్రయోగాలు కథను మలుపు తిప్పాయి. గర్భాశయపు పొరతోపాటు వచ్చిన మాక్రోఫేజ్‌లు మచ్చను పెంచుతున్నాయి. రక్తం నుంచి కొత్తగా వచ్చి కటి కుహరంలో స్థిరపడే మాక్రోఫేజ్‌లు మచ్చను అదుపు చేస్తున్నాయి. పుట్టిన చోటును బట్టి ఒకే జాతి కణం కీడూ చేస్తోంది, మేలూ చేస్తోంది.

అందువల్ల మొత్తం సైన్యాన్ని చంపే మందు పనికిరాదు. ఈ సంగతిని అంతకుముందే ఒక చికిత్సా ప్రయోగం హెచ్చరించింది. కీళ్ళవాతంలో బాగా పనిచేసే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు వాపు సంకేతాలలో ఒకదానిని అడ్డుకుంటుంది. బెల్జియంలో కోనింక్స్ బృందం లోతైన ఎండోమెట్రియోసిస్ ఉన్న 21 మంది స్త్రీల మీద దానిని పరీక్షించి 2008లో ఫలితం తెలిపింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికన్నా నొప్పి ఎక్కువగా తగ్గలేదు.

ఇటీవలి ఆశ వేరే దిక్కు నుంచి వచ్చింది. 2024లో బోస్టన్‌కు చెందిన మైకేల్ రోజర్స్ బృందం, నొప్పి నరాలు విడుదల చేసే సీజీఆర్‌పీ అనే పదార్థం మాక్రోఫేజ్‌లను మచ్చకు అనుకూలంగా మారుస్తోందని ఎలుకల్లో చూపింది. ఆ పదార్థాన్ని అడ్డుకునే మందులు మైగ్రేన్‌కు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటితో ఎలుకల్లో నొప్పీ తగ్గింది, మచ్చల పరిమాణమూ తగ్గింది. కానీ స్త్రీలలో పరీక్షలు జరిగి ఫలితం తేలేవరకు ఇది ఆశ మాత్రమే, చికిత్స కాదు. ఎవరూ తమంతట తాము ఆ మందులు వాడరాదు.

ఈ చరిత్ర మీకు చెప్పేది

మొదటి మాట. రోగనిరోధక కణాల పాత్ర ఉందని చదవగానే, రోగనిరోధక శక్తిని పెంచే పొడులు, కషాయాలు, మాత్రలు కొనాలని కొందరికి అనిపించవచ్చు. ఆ వ్యాపారం మన నగరంలో ఎంత విరివిగా సాగుతోందో మీకు తెలుసు. ఈ వ్యాధిలో శక్తి చాలకపోవడం ఒక్కటే సమస్య కాదు. కొన్ని కణాలు మందగించాయి, కొన్ని అతిగా ఉద్రేకించాయి, కొన్ని పక్షం మారాయి. శక్తిని పెంచుతామనే పొడి ఇందులో దేనిని సరిచేస్తుందో అమ్మేవారు చెప్పలేరు.

రెండవ మాట. స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదంటే వ్యాధి లేదని అర్థం కాదు. పైపైన ఉండే చిన్న మచ్చలు స్కానింగ్‌కు అందకపోవచ్చు. ఒకప్పుడు లాపరోస్కోపీ చేసి కళ్ళారా చూస్తేగాని చికిత్స మొదలుపెట్టేవారు కారు. యూరప్ పునరుత్పత్తి వైద్యుల సంఘం 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ పద్ధతిని మార్చాయి. లక్షణాలను బట్టి, పరీక్షలను బట్టి, శస్త్రచికిత్స లేకుండానే మందులు మొదలుపెట్టవచ్చు. ఎదిగే ఆడపిల్ల ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిన అవసరం లేదు.

మూడవ మాట. పెళ్ళి మందు కాదు, కాన్పు మందు కాదు. వ్యాధికి చికిత్సగా గర్భం ధరించమని సలహా ఇవ్వరాదని అవే మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. నొప్పి తగ్గుతుందని ఆడపిల్ల చదువు ఆపి పెళ్ళి చేయడం వల్ల ఆమెకు రెండు నష్టాలు జరుగుతాయి. చదువు పోతుంది, నొప్పి మిగులుతుంది.

వైద్యుల దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి? నొప్పి వల్ల నెలనెలా బడి మానవలసి వస్తున్నా, కార్యాలయానికి సెలవు పెట్టవలసి వస్తున్నా, మామూలు నొప్పి మాత్రలకు తగ్గకపోయినా, నెలసరిలో మలమూత్ర విసర్జన నొప్పిగా ఉన్నా, దాంపత్యంలో లోపల నొప్పి కలిగినా, నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొప్పి వెంటాడుతున్నా, పిల్లలు కలగడంలో ఆలస్యం అవుతున్నా స్త్రీవైద్య నిపుణులను కలవాలి. వెళ్ళేముందు రెండు మూడు నెలలపాటు ఏ రోజు ఎంత నొప్పి వచ్చింది, ఏ పని ఆగిపోయింది, ఏ మాత్ర వేసుకున్నారు అన్నది తేదీలతో రాసి పెట్టుకోండి. ఆ కాగితం పదినిమిషాల సంప్రదింపులో మీ తరఫున మాట్లాడుతుంది.

చికిత్సలు నేటికీ ప్రధానంగా మూడు రకాలు. నొప్పి, వాపు తగ్గించే మాత్రలు మొదటివి. వీటిని వైద్య సలహాతో, ఆహారం తీసుకున్నాక వాడాలి. మచ్చలకు అందే ఈస్ట్రోజన్ ప్రభావాన్ని తగ్గించే హార్మోన్ మందులు రెండవవి. ఈస్ట్రోజన్, నరాలు, మాక్రోఫేజ్‌ల చక్రం గురించి పైన చదివారు కదా. ఈ మందులు ఆ చక్రానికి ఇంధనం తగ్గిస్తాయి. మూడవది అనుభవజ్ఞుల చేత శస్త్రచికిత్స. వీటికి తోడు కటి కండరాల ఫిజియోథెరపీ, దీర్ఘకాల నొప్పి నిపుణుల సహాయం చాలామందికి అవసరమవుతాయి. ఏది ఎవరికి తగినదన్నది వయసు, లక్షణాలు, పిల్లలు కావాలా అనే కోరిక చూసి నిర్ణయించాలి.

చివరగా ఇంట్లోని తండ్రులకు, భర్తలకు, అన్నదమ్ములకు, కార్యాలయాల్లో పై స్థానాల్లో ఉన్నవారికి ఒక మనవి. నివేదికలో మచ్చ చిన్నదని నొప్పి చిన్నదనుకోకండి. శాంప్సన్ కాలం నుంచి నేటి వరకు సాగిన ఈ నూరేళ్ళ పరిశోధన చివరకు రోగి మాటనే నిజమని తేల్చింది. ఆమె నొప్పిగా ఉందంటే నమ్మండి. నమ్మి, వైద్యుల దగ్గరకు తోడు వెళ్ళండి.